మెత్తని ఆహారం

నలభై ఏళ్ళకు పైబడిన వైద్యవృత్తిలో రోగుల చీటీల చివర నేను లెక్కలేనన్నిసార్లు రాసిన మాట ఒకటుంది: ‘మెత్తని ఆహారం ఇవ్వవలెను.’ పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికి, పళ్ళు ఊడిన వృద్ధులకు, గొంతుకు శస్త్రచికిత్స జరిగినవారికి, అందరికీ అదే మాట. రాసి, సంతకం చేసి, తరువాతి రోగి వైపు తిరిగేవాణ్ణి. ఏ పదార్థం, ఎంత మెత్తగా, ఎలా చేయాలి, చేసినదాన్ని రోగి నోట పెట్టుకోకపోతే ఏం చేయాలి అన్నది నేను చెప్పలేదు, వారూ అడగలేదు. ఇంటి ఆడవారికి ఇవన్నీ తెలిసే ఉంటాయన్న ధీమా నాది. రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో ఆ మూడు మాటలు మరో వైద్యుని చేతిరాతలో నా చేతికే వచ్చాయి.

ఆ నెలలో ఒక తెల్లవారుజామున నా శ్రీమతికి కుడివైపు పక్షవాతం వచ్చింది. సకాలంలోనే ఆసుపత్రికి చేర్చగలిగాం. మూడవ రోజుకు ప్రాణభయం తొలగింది. మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. కాలు కొంత కదిలింది, చేతికి మాత్రం పట్టు చిక్కలేదు. అన్నిటికంటె మొండిగా నిలిచినది మింగుడు సమస్య. పక్షవాతం వచ్చిన తొలిరోజులలో దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది ఉంటుందనీ, వారిలో ఎక్కువమందికి కొన్ని వారాలలో తగ్గుతుందనీ విద్యార్థులకు పాఠం చెప్పినవాణ్ణి నేను. పాఠంలో ‘కొన్ని వారాలు’ అనడం తేలిక. ముక్కులో గొట్టంతో మంచం మీద పడుకున్న మనిషి పక్కన కూర్చున్నప్పుడు ఒక్క వారానికి ఎన్ని గంటలుంటాయో తెలిసి వచ్చింది.

అన్నం తింటూ ఉండగా పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నవ్వుతూ నెత్తిన తట్టడం మనకు అలవాటు. ఆరోగ్యవంతునికి అది నవ్వులాటే. ఆహారం దారి తప్పి శ్వాసనాళం వైపు పోబోతే దగ్గు దానిని వెనక్కి నెట్టేస్తుంది. పక్షవాతం వచ్చినవారిలో ఆ కాపలా బలహీనపడుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు. గుక్కెడు మంచినీళ్ళు నిశ్శబ్దంగా ఊపిరితిత్తులలోకి జారిపోతాయి. నాలుగు రోజుల తరువాత జ్వరం, ఆయాసం, న్యుమోనియా. పక్షవాతాన్ని గెలిచిన రోగిని ఈ న్యుమోనియా తీసుకుపోవడం నా కళ్ళతో చూశాను. అందువల్లనే నీళ్ళు, కాఫీ వంటి పలుచని ద్రవాలు ఇటువంటివారికి మనం అనుకునేదానికంటె ప్రమాదకరం. అన్నంలాంటి విడివిడి మెతుకులూ అంతే. నోటిలో ఒక్క ముద్దగా నిలిచి, నెమ్మదిగా, ఒక్కటిగానే గొంతు దిగే పదార్థం కావాలి.

తొమ్మిదవ రోజున గొట్టం తీశారు. ఇంటికి వచ్చాం. చీటీలో ఆ మూడు మాటలు.

మొదటి వారం మా వంటమ్మాయి రాగిజావ, మెత్తగా రుబ్బిన పప్పన్నం, గుజ్జు చేసిన అరటిపండు వంతులవారీగా చేసింది. నా శ్రీమతి ప్రతిదానికీ రెండు చెంచాల దగ్గర పెదవులు బిగించేది. ‘అన్నీ ఒకటే రంగు, ఒకటే రుచి’ అని నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. యాభై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి ఆమె. గోంగూరలో ఉప్పు ఎంత పడిందో వాసన చూసి చెప్పగలదు. ఆసుపత్రిలో చేరకముందు 58 కిలోలున్న ఆమె బరువు మూడు వారాలకు 52కు దిగింది. పెద్దవయసులో ఈ వేగంతో బరువు పడిపోవడమంటే కండ కరిగిపోవడమే. కండ కరిగితే లేచి నిలబడటం కష్టం, దగ్గేందుకు బలం కూడా చాలదు. మందులన్నీ సక్రమంగా పడుతున్నాయి, మనిషి మాత్రం తరిగిపోతున్నది.

ఒక రాత్రి నిద్రపట్టక కూర్చున్నప్పుడు నాకు యార్క్‌షైర్ గుర్తుకు వచ్చింది.

1977 శీతాకాలంలో నేను పైచదువుల కోసం ఇంగ్లండు వెళ్ళాను. ఆ రోజులలో మన వైద్యులు చాలామంది నడిచిన దారే అది. యార్క్‌షైర్‌లోని ఒక చిన్న పట్టణంలో ఉద్యోగం దొరికింది. ఒక వితంతువు ఇంటిలో మేడమీద గది. శాకాహారినని చెప్పగానే ఆమె ముఖం చూడవలసింది! నేనేదో జబ్బు చెప్పుకున్నట్టు జాలిపడింది. ఆమె పుట్టినిల్లు ఐర్లండు. ‘అయితే డాక్టర్, నీకు బంగాళాదుంపే దిక్కు’ అని తేల్చింది. ఆ మాట అక్షరాలా నిజమైంది. మధ్యాహ్నం నాలుగు గంటలకే చీకటి పడే ఆ డిసెంబరులో, మంచులో తడిసిన బూట్లతో వంటింటి గుమ్మంలో అడుగుపెట్టగానే వెచ్చని పాలు, వెన్న, ఉడికిన దుంప కలిసిన వాసన వచ్చేది. వారు దానిని ‘మాష్’ అంటారు. వెడల్పాటి పళ్ళెంలో తెల్లని గుట్ట, దాని నడుమ చెంచాతో చేసిన గుంట, ఆ గుంటలో కరుగుతున్న వెన్న. కొన్ని రోజులు ఉల్లికాడలను పాలలో మరిగించి కలిపేది, ‘చాంప్’ అని దాని పేరు. మరికొన్ని రోజులు ఉడికించిన క్యాబేజీ కలిపి ‘కోల్కానన్’ చేసేది. దుంప తెగులు సోకి 1845 నుంచి ఏళ్ళ తరబడి ఐర్లండులో పది లక్షల మంది మరణించిన కరువు గురించి నేను మొదట విన్నది ఆ వంటింటి బల్ల దగ్గరే. ఆ దుంప మీద వారికున్న మమకారంలో భయం కూడా కలిసి ఉందని అప్పుడు అర్థమైంది.

అది ఆ దేశంలో సాధారణంగా ప్రధాన వంటకం పక్కన వడ్డించే తోడు పదార్థం. మాంసమూ, దాని రసమూ ముట్టని నాకు మాత్రం అదే భోజనం. మా అమ్మ హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతకు గుడ్డకట్టి పంపిన ఆవకాయ నా పెట్టెలోని బట్టలను సగం ఎర్రగా చేసినా, మిగిలినదంతా ఆ తెల్లని గుట్ట మీదికే వెళ్ళింది. ఆ రెంటి జతను మించినది ఆ చలిలో నాకు మరొకటి కనిపించలేదు.

మరుసటి ఏడు నా శ్రీమతి వచ్చింది. ఇంటావిడ ఎంతో ఆప్యాయంగా చేసిపెట్టిన మాష్ ఒక చెంచా నోట పెట్టుకుని, నా వైపు తిరిగి తెలుగులో, ‘ఇది జ్వరం పడ్డవాళ్ళకు పెట్టే పత్తెం కదండీ!’ అన్నది. ఆ వారాంతంలోనే ఆమె వంటింటిలో దూరి ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిరప తాలింపు పెట్టి ఆ ముద్దను మన పూరీకూరగా మార్చేసింది. ఇంటావిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకుంది. 1980లో మేం తిరిగి వచ్చాక మా ఇంట మాష్ ఊసు లేదు. ఆపైన నా శ్రీమతికి మధుమేహం వచ్చిన నాటి నుంచి, అంటే గడచిన పదహారేళ్ళుగా, బంగాళాదుంపే లేదు. ఆ నిషేధాజ్ఞ జారీ చేసినవాణ్ణి నేనే. పెళ్ళిళ్ళలో కూడా ఆమె విస్తరి వైపు కాపలా కాసేవాణ్ణి.

ఆ రాత్రి ఆలోచించిన పదార్థాన్ని మరునాడు స్వయంగా చేయబూనాను. దుంపలు కుక్కరులో అయిదు కూతలు వేయించి, తొక్క తీసి, చల్లారాక పాలు పోసి మిక్సీలో తిప్పాను. మెత్తగా కావాలంటే మిక్సీకి మించిన సాధనమేముంది? మూత తీసి చూస్తే గోడపత్రికలు అంటించే మైదా లై! గరిటెతో ఎత్తితే తీగలు సాగింది. మెత్తగా ఉంది కదా అని పెట్టాను. రెండో చెంచా అంగిటికి అతుక్కుపోయింది. ఆమె నాలుకతో తీసుకోలేక అవస్థపడుతుండగా దగ్గు వచ్చింది, ముఖం ఎర్రబారింది, తరువాత మాట్లాడితే గొంతులో నీరు నిలిచినట్టు గరగర. వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూస్తే 91. వేలితో నోరు శుభ్రం చేసి, ముందుకు వంచి కూర్చోబెట్టి, ఆ సాయంత్రమంతా స్టెతస్కోపు మెడలో వేసుకుని ఆమె వీపు దగ్గరే కూర్చున్నాను. అదృష్టవశాత్తు జ్వరం రాలేదు. ‘డాక్టరు గారి వంట’ అని ఆమె రాత్రి పదింటికి అన్నప్పుడు గాని నా గుండె కుదుటపడలేదు.

మర్నాడు వచ్చిన స్పీచ్ థెరపిస్టుకు మా చిన్న మనుమరాలి వయసే ఉంటుంది. జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఫ్రిజ్‌లో మిగిలి ఉన్న ఆ ముద్దను ఆమె చెంచాతో తీసి, చెంచాను పక్కకు వంచింది. అది కదలలేదు. తిరగేసినా వేలాడుతూనే ఉంది. ‘సార్, మీరు దీన్ని రుచి చూశారా?’ అని అడిగింది. లేదన్నాను. ‘అమ్మగారికి పెట్టే ప్రతిదీ ముందు మీరు ఒక చెంచా తినండి. నమలకుండా, నాలుకతో అంగిటికి నొక్కి మింగండి. మీకు కష్టమైతే ఆమెకు అసాధ్యం’ అన్నది. అన్నేళ్ళ వృత్తిలో నేను రాసిన ఏ పథ్యాన్నీ నేను రుచి చూడలేదు.

మింగుడు సమస్య ఉన్నవారి ఆహారపానీయాలను సున్నా నుంచి ఏడు వరకు మెట్లుగా విభజించిన అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఇప్పుడు వాడుకలో ఉంది, ఐడీడీఎస్ఐ అంటారు. అందులో నాలుగో మెట్టు, ఉండలు లేని గుజ్జు, నా శ్రీమతికి నిర్ణయించినది. దాని పరీక్షకు యంత్రాలేవీ అక్కరలేదు. ఫోర్కు మీద పెడితే గుట్టగా నిలవాలి, పళ్ళ సందులలోంచి ధారగా కారకూడదు. చెంచాలో ఆకారం నిలవాలి, చెంచా వంచితే మొత్తం ఒక్కసారిగా జారిపడాలి, చెంచాకు పలుచని పొర మించి అంటుకోకూడదు. నీరు విడిగా ఊరకూడదు. ‘మెత్తని ఆహారం’ అన్న మూడు మాటలలో ఇంత ఇమిడి ఉన్నది. మెత్తదనం ఒక్కటే చాలదు, జిగురు లేకుండా ఉండటం అంతకంటె ముఖ్యం. నా మిక్సీ ముద్ద మెత్తగా ఉండి కూడా ప్రమాదకరమైనది అందుకే.

అప్పటి నుంచి నెలన్నర పాటు రోజూ చేశాను. చేస్తూ చేస్తూ తెలుసుకున్నవి చెబుతాను. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారు తినడానికైనా పద్ధతి ఇదే.

దుంప ఎంపికతోనే సగం పని. చలికాలంలో వచ్చే, గోటితో గీస్తే తొక్క లేచే కొత్త దుంపలు వేపుడుకు బాగుంటాయి కాని దీనికి పనికిరావు. వాటిలో నీరెక్కువ, పిండి తక్కువ. తొక్క ముదిరిన పాత దుంపలు కావాలి. ఆ రోజులలో మా ఇంటావిడ గులాబి మచ్చలుండే ‘కింగ్ ఎడ్వర్డ్’ రకం తప్ప మరొకటి కొనేది కాదు. మన బజారులో రకం పేరు అడిగితే కూరగాయలమ్మి నవ్వుతుంది కనుక ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఒక గిన్నె ఉప్పుకు పదకొండు గిన్నెల నీరు చొప్పున కలిపి దుంపను వేయండి. మునిగితే పిండిదుంప, తేలితే జిగురుదుంప. ఆకుపచ్చ రంగు తిరిగినవి, మొలకలు వచ్చినవి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. వాటిలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఉడికించినా పోదు. 1969లో లండన్‌లో ఒక పాఠశాలలో నిలవ దుంపలు తిన్న 78 మంది బాలురు వాంతులు, విరేచనాలతో జబ్బుపడిన సంగతి వైద్యగ్రంథాలకెక్కింది.

ఇద్దరికి పావుకిలో దుంపలు చాలు. తొక్క తీసి, ఒకే పరిమాణంలో పెద్ద ముక్కలు కోసి, చన్నీళ్ళలో వేసి పొయ్యి ఎక్కించాలి. మరుగుతున్న నీటిలో వేస్తే పైభాగం చితికిపోయేసరికి లోపల పలుకు మిగులుతుంది. కుక్కరు తొందరగా పని కానిస్తుంది కాని ముక్క నీరు పీల్చేస్తుంది. చాకుమొన గుచ్చితే ముక్క దానంతట అది జారిపోవాలి, దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. నీరు వంపేసి, అదే గిన్నెను సన్నసెగ మీద రెండు నిమిషాలు కదుపుతూ ఉంచితే ముక్కలకు అంటిన తడి ఆవిరైపోయి, అంచులు తెల్లగా పిండి రాలినట్టవుతాయి. ఈ రెండు నిమిషాలను నేను మొదట్లో వదిలేసేవాణ్ణి. తడి పోయిన చోటనే కదా వెన్నకూ పాలకూ తావు దొరికేది!

తరువాత మిక్సీ జోలికి పోకుండా, మన పప్పుగుత్తి తీసుకోండి. కారణం చెబుతాను. ఉడికిన దుంపలో కణాలు ఒకదానినుంచి ఒకటి విడివడతాయి, కాని ఉబ్బిన పిండిపదార్థం ఒక్కొక్క కణం గోడల లోపలే భద్రంగా ఉంటుంది. పప్పుగుత్తి ఆ కణాలను విడదీస్తుంది. మిక్సీ కత్తి వాటిని చీల్చేస్తుంది. లోపలి పిండి బయటపడి లై అవుతుంది. వేడి ఆరకముందే మెదపాలి. ఉండలు అసలే ఉండకూడని రోగికైతే పప్పుగుత్తితో ఆపకుండా, సన్నకన్నాల స్టీలు జల్లెడ మీద వేసి గరిటె వెనుకభాగంతో నొక్కి దించాలి. రాపాడకూడదు, పైనుంచి కిందికి నొక్కడమే. చేతులు నొప్పి పుడతాయి. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. అయినా నా శ్రీమతి ఎడమచేత్తో బంతి నొక్కే వ్యాయామం చేస్తున్నంతసేపూ నేను జల్లెడ నొక్కేవాణ్ణి. ఇద్దరికీ ఫిజియోథెరపీ.

దించిన దుంపలో మొదట పాతిక గ్రాముల వెన్న కలిపి, అది కరిగి కనపడకుండా పోయాక, వేడివేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా తిప్పాలి. దాదాపు 75 మిల్లీలీటర్లు పడతాయి. చల్లని పాలు పోస్తే ముద్ద బిగుసుకుంటుంది. పాల లెక్క ఏ రోజుకారోజు మారుతుంది. చెంచా వంచి చూసుకుంటూ పోయడమొక్కటే మార్గం. ఉప్పు, తెల్లమిరియాల పొడి చిటికెడు. 1747లో లండన్‌లో హన్నా గ్లాస్ అనే ఆవిడ అచ్చువేసిన వంటల పుస్తకంలోనూ ఇదే దుంప, ఇవే పాలు, ఉప్పు, వెన్న. ఈ దినుసులలో పెద్దగా మార్చవలసినదేదీ తరువాతివారికి కనపడలేదు. పారిస్‌లో జోయెల్ రోబుషాన్ అనే ప్రఖ్యాత వంటవాడు కిలో దుంపకు పావుకిలో వెన్న పట్టించి దానితోనే కీర్తి గడించాడు. గుండె వైద్యుడెవరూ ఆ వంటింటి వైపు పోలేదు కాబోలు.

నేను ఇచ్చిన లెక్కలోనూ వెన్న తక్కువేమీ కాదు, పాఠకులు నన్ను నిలదీయవచ్చు. మధుమేహమున్న మనిషికి బంగాళాదుంపా, పైగా వెన్నా అని. మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోనులో అన్నది కూడా అదే: ‘నాన్నగారూ, మీరేనా ఇది!’

నేనే. మెదిపిన బంగాళాదుంప రక్తంలో చక్కెరను త్వరగా పెంచే పదార్థమన్నది నిజం. వెన్న, పాలు కలిసినప్పుడు కడుపు ఖాళీ కావడం నెమ్మదించి ఆ వేగం కొంత తగ్గుతుంది గాని పోదు. అయితే ఎదుట ఉన్న అపాయాలలో ఏది ముందు అన్నది చూడాలి. పదేళ్ళ తరువాత రాగల ఇబ్బంది కోసం ఈ నెలలో మనిషిని ఎండగట్టడం వైద్యం కాదు. తినలేనివారికి ఇచ్చే ప్రతి చెంచాలోనూ వీలైనంత శక్తి ఉండాలి. పది గ్రాముల వెన్నలో డెబ్బైకి పైగా కేలరీలున్నాయి. దాదాపు అంత శక్తి కోసం నూరు గ్రాముల ఉడికిన దుంప తినాలి. దానికి ఒక చెంచా పాలపొడి కలిపితే మాంసకృత్తులు కూడా చేరతాయి. ఆమె వాటా 120 గ్రాములకు మించకుండా తూచి పెట్టాను, పక్కన ఉండలు లేకుండా చిలికిన గట్టి పెరుగు పెట్టాను, మరే పిండిపదార్థమూ ఆ పూట ఇవ్వలేదు. మొదటి రోజు భోజనానికి ముందు చక్కెర 138, రెండు గంటల తరువాత 186. ఆమెను చూస్తున్న మధుమేహ వైద్యునికి చూపి ఇన్సులిన్ మోతాదు సవరించుకున్నాం. ఇది ఆమె లెక్క. మీ ఇంటి రోగి లెక్క మీ వైద్యుడే చెప్పాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికైతే దుంపలోని పొటాషియం మరో చిక్కు. ముక్కలను రాత్రంతా నానబెడితే పోతుందన్న నమ్మకం మన ఇళ్ళలో ఉంది, దానివల్ల ఒరిగేది తక్కువ. చిన్నముక్కలు కోసి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోస్తే సగం మేరకు తగ్గుతుంది.

ఇంతకీ ఆమె తిన్నదా? సరైన పదునులో చేసిన మొదటి రోజు నాలుగు చెంచాలు తిన్నది. పొలమారలేదు. నేను గర్వంతో చూస్తుండగా, ‘పత్తెమే’ అన్నది. నలభై అయిదేళ్ళ నాటి తీర్పులో మార్పు లేదు!

తాలింపు లేకపోవడమే ఆమె కొరత. ఆవగింజ, కరివేపాకు ముక్క, మినపబద్ద ఇవి గొంతులో ఎక్కడ చిక్కుకుంటాయో చెప్పలేం, నాలుగో మెట్టులో అవి నిషిద్ధం. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు చిన్న మూకుడులో వెన్న కరిగించి, అందులో ఆవాలు, జీలకర్ర, ఒక ఎండుమిరప, కరివేపాకు, చితక్కొట్టిన అల్లం ముక్క, ఇంగువ వేసి చిటపటలాడనిచ్చి, టీ వడకట్టుతో వడగట్టాను. గింజలూ ఆకులూ వడకట్టులో మిగిలాయి, వాసనంతా వెన్నలో దిగింది. ఆ బంగారు రంగు వెన్నను దుంపలో కలిపాను. పడకగదిలో ఉన్న ఆమె వాసన పసిగట్టి, నేను పళ్ళెంతో వెళ్ళేసరికి తలగడ మీదనుంచి తానే ముందుకు వంగి ఉన్నది. ఆ పూట మొత్తం తిన్నది. తిన్నాక పళ్ళెంలో మిగిలిన అంచును చెంచాతో తానే గీరింది, ఎడమచేత్తో. నేను వంటింటిలోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను.

పెట్టే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే పదార్థం ఎంత బాగా చేసినా పెట్టడంలో పొరపాటు జరిగితే అంతా వృథా. మంచం మీద చేరగిలబెట్టి కాదు, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చెంచా. నోటిలోది మింగి, గుటక కనిపించాక మరో చెంచా. టీవీ కట్టేయాలి, కబుర్లు తరువాత. తిన్న తరువాత అరగంట పడుకోనివ్వకూడదు. బుగ్గలో, ముఖ్యంగా బలం తప్పిన వైపు బుగ్గలో, ముద్ద నిలిచిపోతుంది. రోగికి తెలియదు కనుక మనమే చూసి శుభ్రం చేయాలి. తిన్నాక గొంతు గరగరలాడినా, మాట తడిగా వినిపించినా ఆ పూటకు ఆపేసి థెరపిస్టుకు చెప్పాలి. ఇవన్నీ ఆ అమ్మాయి నాకు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఉంది.

ఒక్క బంగాళాదుంపతోనే ఆమె కోలుకున్నదని నేను చెప్పడం లేదు. థెరపిస్టు చేయించిన నాలుక, గొంతు వ్యాయామాలు, మందులు, కాలం అన్నీ పనిచేశాయి. కాని ఆ దుంప ముద్ద దగ్గరే ఆమెకు మళ్ళీ తిండి మీద ఇష్టం పుట్టింది. అదే పునాదిగా వడగట్టిన తాలింపుతో గుమ్మడికాయ గుజ్జు, ముద్దపప్పు, కందగుజ్జు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. సంక్రాంతికి ఆమె 54 కిలోలు. మాఘమాసంలో అయిదో మెట్టుకు ఎక్కింది. నాలుగు మిల్లీమీటర్లకు మించని తునకలు తడితడిగా తినవచ్చన్నమాట. ఉగాది నాటికి ఆరో మెట్టు. ఆ రోజు పచ్చడిలో వేపపువ్వు మాత్రం ఆమెకు లేకుండా వేరే తీసి ఉంచాం.

అటు తరువాత ఎవరి చీటీలోనైనా సలహా రాయవలసి వస్తే, ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవారు బంధువులూ ఇరుగుపొరుగులే అనుకోండి, ఒక పూర్తి పుట రాస్తున్నాను. ఏ దుంప, ఎన్ని పాలు, చెంచా ఎలా వంచాలి అన్నీ. చదివినవారిలో ఒకరిద్దరు ‘డాక్టరు గారికి చాదస్తం వచ్చింది’ అని అనుకుంటున్నారని విన్నాను.

ఇప్పుడు నా శ్రీమతి మెత్తని అన్నం తింటున్నది. అయినా మొన్న మార్గశిరంలో, చలిగాలికి కిటికీలు మూసిన ఒక సాయంత్రం, తానే ‘ఆ ఇంగ్లీషు పత్తెం చేసుకుందామా?’ అన్నది. దుంపలు నేను ఉడికించాను. మెదిపే పని తనదేనని పట్టుబట్టింది. బల్ల మీద గిన్నె కదలకుండా నేను రెండు చేతులా పట్టుకున్నాను. కుడిచేతి వేళ్ళను పప్పుగుత్తి కాడ చుట్టూ ఒక్కొక్కటిగా తానే అమర్చుకుని, ఎడమచేతిని పైన ఆసరా వేసి నొక్కింది. పావుగంట పట్టింది. కొన్ని ఉండలు మిగిలాయి, మిగలనీ అన్నది. జాడీలోనుంచి ఆవకాయ ఊట మాత్రం, ముక్క లేకుండా, అర చెంచా తీసి తన పళ్ళెంలో అంచున వేశాను. నా పళ్ళెంలో ముక్కతో సహా వేసుకున్నాను.

ఒక చెంచా నోట పెట్టుకుని, మింగి, కాసేపు ఆగి అన్నది: ‘ఏమండీ, ఉప్పు వేయడం మరిచారు.’